ఇంకుబుడ్డిలో సొన

నా చిన్నప్పుడు ఆగిరిపల్లి చుట్టుపక్కల మా ఇంటిపేరు చెబితే చాలు, ఎడ్లబళ్ళవాళ్ళు మళ్ళీ దారి అడిగేవారు కాదు. మా ముత్తాత మెట్ట పొలం బాగుచేయించి మామిడితోట వేశారు. మా తాతయ్య దాన్ని రెండింతలు చేశారు. ఊళ్ళో గట్టు తగాదాలు ఆయన అరుగు మీదే తెగేవి. ఏటా తొలికోత రోజున చిన్న రసాలు బుట్టలకెత్తి ప్రతి గడపకూ పంపేవారు. ఆ బుట్ట మా ఇంటి నుంచి వెళ్ళేదే గాని, మా గడపకు ఎన్నడూ రాలేదు.

తాతయ్య పోయిన రెండేళ్ళకే తోట చేతులు మారింది. కొన్నది, అదే తోటను ఏటా పూత మీద గుత్తకు తీసుకుంటూ మా అరుగు కింద నిలబడి మాట్లాడిన మనిషి. ఆయన పేరు నేను ఈనాటికీ పలకను. ఆ వేసవి తొలికోత రోజున ఆయన పాలేరు మా గుమ్మంలో బుట్ట దించాడు.

"అయ్యగారు ఇచ్చి రమ్మన్నారండీ. పిల్లలు తింటారని."

పైన నాలుగు మంచి కాయలు. అడుగునంతా గాలికి రాలిన దెబ్బకాయలు. నాన్నగారు తల వంచుకుని బుట్టను తానే లోపలికి మోసుకెళ్ళారు. పదేళ్ళవాణ్ణి, అది చూశాను. నాకు అంతే చాలింది.

తోట కొన్నాయన రోజూ సాయంత్రం అక్కడికి వచ్చి, కండువా కొమ్మకు తగిలించి, బావి దగ్గర మొహం కడుక్కుని దానితోనే తుడుచుకునేవాడు. మామిడికాయ తొడిమ విరిస్తే చిమ్మే సొన ఒంటిని ఎలా కాలుస్తుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది కళ్ళలో పడితే? ఆ ఊహ నాకు ఎంతో తియ్యగా ఉండేది. ఆయన పంపిన నాలుగు కాయలవీ, కంచె ఇవతలికి వంగిన కొమ్మల కాయలవీ తొడిమలు విరిచి ఖాళీ ఇంకుబుడ్డిలో సొన పట్టాను. మూత దొరక్క గుడ్డపీలిక కుక్కి, లాగు జేబులో వేసుకున్నాను. కూలీల పిల్లలెవరూ ఆ పని చేసి ఉండరు. సొన గుడ్డను తడుపుకుంటూ బయటికి వస్తుందని వాళ్ళకు తెలుసు. మా తోటలో కాయలు కోసింది ఎప్పుడూ వాళ్ళే. మేము తిన్నవాళ్ళం.

నేను బయలుదేరుతుంటే మా మేనత్త పిలిచింది. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేది. తాతయ్య ఆమె కోసం మద్రాసు నుంచి తెప్పించిన ఇత్తడి సూక్ష్మదర్శిని కిటికీ దగ్గర ఉండేది. కాయలు మాగబెట్టిన వరిగడ్డిని కాసిని నీళ్ళలో వారం ముందే నానబెట్టి ఉంచింది, ఆ నీటిచుక్కను గాజుపలక మీద వేసింది.

"ఒరేయ్, కదలకుండా చూడు. చెప్పులా ఉన్నది ఈదుతోందా?"

"ఆఁ. లోపల ఒక చుక్క ఉంది అత్తా. పెద్దదవుతోంది… అయ్యో, పోయింది!"

"పోలేదురా. బయటికి కక్కేసింది. మళ్ళీ చూడు."

చుక్క మళ్ళీ పుట్టింది, ఉబ్బింది, మాయమైంది. ఎన్ని అంకెలకు ఒకసారో లెక్కపెట్టమంది. పది దాటలేదు.

"ఉచ్చ పోసుకుంటోందా?"

"వెధవా!" అని నవ్వింది. "దానికి ఒళ్ళంతా కలిపి ఒకటే కణం. పొట్టా లేదు, మూత్రపిండాలూ లేవు. తిన్నదాంట్లో అరగనిది ఒక్కచోట నుంచి తోసేస్తుంది. ఒంట్లో పుట్టిన మలినం పైపొరలోంచే ఊరిపోతుంది. నువ్వు చూసే చుక్క మాత్రం నీళ్ళు. చుట్టూ ఉన్న నీళ్ళు లోపలికి చొరబడుతూనే ఉంటాయి. తోడిపోయడం మానిందనుకో, ఏమవుతుంది?"

"పగిలిపోతుంది."

అప్పటికే నా తొడ మీద నిప్పు పెట్టినట్టుంది. పీలిక తడిసి సొన జేబులోంచి దిగుతోంది. నొప్పి అని నోరు విప్పడం మా వంశంలో లేదని నా నమ్మకం. నడుం నిటారుగా పెట్టి, కన్ను తీయకుండా లెక్కపెడుతూనే ఉన్నాను. కాని సొన వాసన దాగదు.

"జేబులో ఏంటది?"

చెప్పాను. ఆయన కండువాకు పూయబోతున్న సంగతి కూడా. ఆమె తిట్టలేదు. సబ్బునీళ్ళతో తొడ కడిగి కొబ్బరినూనె రాసింది. బుడ్డిని నా ముందు పెట్టి, "చూపు పోతుందిరా ఆయనకి. తర్వాత నిన్ను చూడ్డానికి నాకు మొహం చెల్లదు. ఇహ నీ ఇష్టం," అని తన పనిలో పడింది.

బుడ్డిని పెంటకుప్ప మీద ఒంపేశాను. తరువాత తోట కంచె దాకా కుంటుకుంటూ వెళ్ళాను. ఆయన మొహం కడుక్కుని, కండువాతో కళ్ళు గట్టిగా తుడుచుకుని, నన్ను చూసి, "ఏం అబ్బాయ్, కాయలు తియ్యగా ఉన్నాయా?" అన్నాడు. ఆయన చూపు తిప్పుకునేదాకా ఆ కళ్ళలోకే చూస్తూ నిలబడ్డాను.

ఆయన్ని క్షమించానని ఎవరూ అనుకోవద్దు. ఒకసారి పారబోస్తే తీరిపోయేదైతే ఆ చెప్పులాంటి ప్రాణికి అంత పని ఉండేది కాదు. నూజివీడు రోడ్డు పక్కన రసాల రాశులు కనిపిస్తే ఇప్పటికీ నా లోపల ఆ చుక్క ఉబ్బుతుంది. పది అంకెలు లెక్కపెట్టి తోడిపోస్తాను. నాలుగు అడుగులు వేసేసరికి మళ్ళీ నిండుతుంది. తొడ మీద రూపాయి బిళ్ళంత మచ్చ అలాగే ఉంది.

మా ఇంట్లో అమ్ముడుపోయినవాటిలో ఆఖరుది ఆ ఇత్తడి సూక్ష్మదర్శిని. కాలేజీలో చేరిన తన కొడుకు కోసం ఆయనే కొనుక్కుపోయాడు.