మంచు పురుగులు, మా నాయన కాలు

ఖమ్మంలో నేను పనిచేసే ల్యాబ్ ఒక మెడికల్ కాలేజీది. అక్కడి ఫ్రిజ్‌లో, కింది అరలో, దక్షిణ ధ్రువపు మట్టిలోంచి తీసిన బ్యాక్టీరియా ఉండేది, నా భాషలో మంచు పురుగులు. ఎండాకాలమంతా చల్లదనం, కరెంటు పోతే జనరేటర్. ఖానాపురం హవేలిలో నా కిరాయి గదికి ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

నా పని తేలికే. గాజు పళ్లెంలో వాటిని పెంచి, యాంటీబయాటిక్ మందు అద్దిన కాగితం బిళ్లలు పెట్టాలి. బొట్టు బిళ్లంత ఉంటాయి. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ మిగులుతుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్లను ఆనుకుని కూర్చుంటుంది. మంచు పురుగుల్లో కొన్ని రెండు వారాలు తాపీగా పెరిగి, అట్లాగే కూర్చున్నాయి. మనిషి మందు మొహమే చూడనివి. ఇదేమిటని మా ల్యాబ్ మేడంను అడిగాను. మనం మందులు చేయకముందే సూక్ష్మజీవులు ఇలాంటి విషాలతో ఒకదాన్నొకటి చంపుకునేవనీ, తట్టుకోవడం అప్పుడే నేర్చాయనీ చెప్పారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు దీన్ని జోకుగా చెప్పాను.

ఆ వేసవిలోనే చర్ల దగ్గర మా ఊళ్లో, బీడీల తునికాకు కోయడానికి వెళ్లిన నాయన మడమలో వెదురు మోడు దిగింది.

పుండుకు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి సగం పొడి పుండు మీద చల్లుతారు. మిగతా సగం తెగులొచ్చిన కోళ్లకు నీళ్లలో కలుపుతారు. ఏదీ వృథా పోనివ్వరు. నొప్పెక్కువైతే నాయన రెండు మింగి, తగ్గగానే ఆపేసేవాడు. ఆ షీట్లు పంపేది నేనే, సైన్స్ చదివినవాణ్ని కదా. పూర్తిగా వాడమని ఏనాడూ చెప్పలేదు. ఆ మాట మా ల్యాబ్ గోడ మీద పోస్టర్‌గా ఉంది. అంటించింది కూడా నేనే.

ఈసారి పుండు మానలేదు. మా కాలేజీ దవాఖానాకు తెచ్చేసరికి పాదం ఉబ్బిపోయింది. షుగర్ ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఎరుపు ఎక్కడిదాకా పాకిందో అక్కడ డాక్టర్ పెన్నుతో గీత గీశాడు. లొంగే మందు దొరక్కపోతే మోకాలి కింద తీసేయాలన్నాడు. చీము నమూనా నా చేతికే వచ్చింది, పళ్లెంలో పెంచి బిళ్లలు పెట్టాను.

మర్నాడు పొద్దున పళ్లెం తీసి చూస్తే, బ్యాక్టీరియా నిండుగా, అన్ని బిళ్లలనూ ఆనుకుని ఉంది. పొరపాటున మంచు పళ్లెం తీశానేమోనని లేబుల్ రెండుసార్లు చదివాను. నాయన పేరే ఉంది, నా చేతిరాతలో.

వార్డుకెళ్లాను. అమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది.

"ఏందిరా, నీ మంచు పురుగులేమంటున్నయి?" అన్నాడు నాయన.

"మంచిగున్నయి నాయినా. ఏ మందు పెట్టినా లెక్కజేస్తలేవు."

"ఆడ మెడికల్ షాపున్నదా?"

"లేదు."

"మరి గోలీలెవలు పంపిండ్రు వాటికి? నీ అసొంటి కొడుకు ఆడ గూడ ఉన్నడా?"

అమ్మ నవ్వింది, మూడు రోజుల్లో మొదటిసారి. నేనూ నవ్వి, మొహం కడుక్కోవడానికి వరండాలో నల్లా దగ్గరికి వెళ్లాను. నల్లాలో నీళ్లు రాలేదు. అయినా మొహం తడిసింది.

తర్వాత ల్యాబ్‌లో ఉన్న మిగతా బిళ్లలన్నీ పెట్టాను. ఒక్కదాని చుట్టూ సన్నటి ఖాళీ కనిపించింది. మందు పనిచేస్తుందని రాయడానికి పట్టికలో ఉన్న కొలతకు కొంచెం తక్కువ. స్కేలు మార్చి కూడా కొలిచాను. ఆ మందే మూడు రోజులు ఎక్కించి చూద్దాం, ఎరుపు గీత దాటితే ఆపరేషనే అన్నాడు డాక్టర్.

రోజూ దుప్పటి ఎత్తి గీత చూసేవాణ్ని.

"ప్యాంటు గిట్ట కుట్టిస్తున్నవారా, గన్నిసార్లు కొలుస్తున్నవ్?" అనేవాడు నాయన.

మొదటి రోజు ఎరుపు గీత దగ్గరే ఆగింది. ఆ పూట క్యాంటీన్‌లో రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. మూడో రోజుకు గీత దాటి రెండు వేళ్లంత పైకి పాకింది.

ఆపరేషనైన నాలుగో రోజు నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. "ఇంటికాడ కోళ్లు తూగుతున్నయంట. మీ చిన్నమ్మ ఫోన్ జేసింది. ఒక షీట్ పంపు."

"పంపను నాయినా."

"ఎందుకురా?"

మొదట జోకుగా చెప్పబోయాను. కుదరలేదు. రెండు గోలీలు మింగి ఆపితే పురుగుల్లో మెత్తవి చచ్చి మొండివి మిగులుతాయని, ఏళ్లతరబడి వాటిని మన ఇంట్లోనే పెంచామని, దాణా పంపింది నేనేనని చెప్పాను. నాయన దుప్పటి కింద ఎత్తు లేని చోటు వైపు చూశాడు.

"మరి ముందే చెప్పకపోతివి," అన్నాడు. కోపంగా కాదు.

కాసేపటికి దిండు కింది ఫోన్ తీసి నాకిచ్చాడు. "మీ చిన్నమ్మకైన చెప్పు."