అలిగి పర్చూరు వెళ్ళిన జోడీ కోసం

మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళం జోడీలుగా పనిచేస్తాం. ఒకడు మూటను వీపు మీద మోసుకొస్తే, పేర్చిన బస్తాల పైన నిలబడ్డవాడు కొక్కెం వేసి అందుకుంటాడు. గుంటూరులో నా జోడీ ఏసుదాసు. ఆ శుక్రవారం ఒక వ్యాపారి గుమాస్తా మమ్మల్ని పశువులన్నాడు. నేను పైనుంచే వాణ్ణి కడిగేశాను. ఏసుదాసు ఒక్క మాటా అనలేదు. పనయ్యాక "నీకు రోషం లేదురా" అన్నాను. వాడు తన కొక్కెం నా కాళ్ళ దగ్గర పడేసి పర్చూరు దగ్గర వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. జోడీ లేనివాడికి యార్డులో పని ఉండదు. సోమవారానికి వాణ్ణి తీసుకురాకపోతే నీ దారి నువ్వు చూసుకో అన్నాడు మా మేస్త్రి. పైగా నలుగురితో మంచిగా ఉండటం నేర్చుకోమని నీతి ఒకటి. ఆ నీతి గుమాస్తాకెందుకు చెప్పలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆదివారం పొద్దున ఏడింటికి చిలకలూరిపేట ఆర్డినరీ బస్సెక్కాను. పేటలో దిగి పర్చూరు బస్సు మారాలి. అప్పట్లో రెండు టికెట్లకీ కలిపి ముప్పై చిల్లర. చొక్కా ఉతికిందే, కానీ మిరప ఘాటు ఒక్క ఉతుకుతో గుడ్డను వదలదు. నేనెక్కగానే ముందు సీట్లో పాప తుమ్మింది, ఆ తర్వాత బస్సంతా దగ్గు.

"ఏమయ్యా, యార్డు నుంచా? వెనక తలుపు దగ్గర నిలబడు," అన్నాడు కండక్టరు.

"టికెట్ తీసుకున్నానండి. పొద్దున మీరు తిన్న పచ్చట్లో కారం కూడా మా వీపుల మీదుగానే వచ్చింది."

పక్కన సంచీతో సహా ఇద్దరి చోటు ఆక్రమించిన పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "కోపం తగ్గించుకో బాబూ. మనుషులతో సర్దుకుపోతే ఏ చింతా ఉండదు."

"అట్టాగేనండి. ఆ సంచీ తీయండి, ఇప్పుడే సర్దుకుంటా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. సంచీ కదల్లేదు. పేట దాకా నిలబడే వెళ్ళాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతుంటాయి. చూడ్డానికి బావుంటాయి, మొయ్యక్కర్లేనివాళ్ళకి.

పర్చూరు నుంచి వాళ్ళ ఊరికి షేర్ ఆటో, అయిదు రూపాయలు. చర్చి వదిలే వేళకు చేరాను. ఏసుదాసు నన్ను చూసి కూడా ఆగకుండా ఇంట్లోకెళ్ళిపోయాడు. వాళ్ళావిడ మరియమ్మ మాత్రం "అన్నం తిని పోట్లాడుకోండి అన్నయ్యా" అని పీట వేసింది. వాడు ప్రార్థనకు వేసుకున్న తెల్ల చొక్కా విప్పాడు. మెడ కింద తోలు కమిలిపోయి ఉంది.

"ఏరా, గుమాస్తా తిడితే నీకు కోపం రాలేదా?" అన్నాను.

"వచ్చింది."

"మరి నోరెందుకు మూసుకున్నావ్?"

"నువ్వు పైన నిలబడి వాడికి సమాధానం చెప్తన్నంతసేపూ మూట ఎవడి వీపు మీదుందిరా? తిట్టు, నేనొద్దన్నానా? ముందు మూట అందుకో. అప్పుడు నేనూ పైకొచ్చి తిడతా."

మరియమ్మ గోంగూర వడ్డిస్తూ "ఆ ముక్క అక్కడే చెప్పొచ్చుగా" అంది.

"వీడు నన్ను చెప్పనిస్తేగా."

నేను చెయ్యి కడుక్కున్నాను. "పద, చీరాల బస్సు ఎన్నింటికి? అక్కణ్ణుంచి రైల్లో పోదాం," అన్నాను. వాడు చొక్కా తొడుక్కున్నాడు.

సోమవారం గుమాస్తా మళ్ళీ నోరు జారాడు. నేను ముందు మూట అందుకున్నాను. తర్వాత ఇద్దరం పైన నిలబడి అడగాల్సింది అడిగాం. వాడు చిట్టా తీసుకుని అవతలికి పోయాడు. సర్దుకుపొమ్మని, చింత మానమని ఊరికే చెప్పేవాళ్ళ మీద నా కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ మాటలు ఎప్పుడూ కిందున్నవాడికే చెప్తారు, పైనున్నవాడికి చెప్పరు. కాకపోతే ఆ శుక్రవారం ఏసుదాసుకి పైనున్నది నేను.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. తిరుగు ప్రయాణంలో బస్సు వద్దు. పర్చూరు నుంచి చీరాల వచ్చి ప్యాసింజరు ఎక్కండి, తెనాలిలో మారితే గుంటూరు. ఆలస్యమవుతుంది, అదే మంచిది. ఎదురెదురు సీట్లలో కూర్చున్నాక ఎవడైనా ఎంతసేపని మాట్లాడకుండా ఉంటాడు?