మంచుకొండ నుదుటి చుక్క

మ్యూజియంలో ఆమెను అందరూ దూదమ్మ అంటారు. పాత చిత్రాల మీద పేరుకున్న పొగ, దుమ్ము, పసుపెక్కిన వార్నిష్ తుడిచి తీయడం ఆమె ఉద్యోగం. సన్నటి పుల్ల చివర దూది చుట్టి, నాలుక మీద తడిపి, గోరంత మేర గుండ్రంగా తిప్పుతుంది. పుల్ల నల్లబడగానే మూత ఉన్న రేకుడబ్బాలో పడేసి ఇంకోటి చుడుతుంది. మనిషి ఉమ్మిని మించిన మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదని ఆమెకు పని నేర్పిన పెద్దాయన అనేవాడు. లిఫ్టులు బాగుచేసే ఆమె మొగుడు ఈ మాట పట్టుకుని, ఇంటికి ఎవరొచ్చినా ఒకటే జోకు వేస్తాడు. తాను చెమటోడ్చి సంపాదిస్తున్నాడట, భార్య ఉమ్మి ఊడ్చి సంపాదిస్తోందట.

ఆమె తల్లి బట్టలకు రఫూ చేసేది. చిరిగిన చోట పోగు పోగు కలిపి, చిరుగు ఎక్కడుందో తొడుక్కునేవాడికే తెలియకుండా చేసేది. పని కనబడిందంటే పని చెడిందన్నమాటే అని ఆవిడ సూత్రం. కూతురు ఆ సూత్రంతోనే పెరిగింది, ఆ సూత్రంతోనే ఉద్యోగంలో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చింది. చిత్రం ముందు జనం నిలబడి చిత్రకారుణ్ణి పొగుడుతుంటే, తలుపు వెనక నిలబడి తనను ఎవరూ పొగడకపోవడమే తనకు పొగడ్త అనుకునేది. నిజంగానే అనుకునేది. చిలక వచ్చేదాకా.

చిలక ఆమె ఆడపడుచు. ఇంట్లో అందరికన్నా చిన్నది, అందరికన్నా ముందు మాటలు నేర్చింది. చదువయ్యాక ఏ పనీ దొరక్క ఇంట్లో గోడలతో మాట్లాడుతుంటే, గైడు ఉద్యోగం ఖాళీ ఉందని పెద్దసారు చెవిన వేసింది దూదమ్మే. మ్యూజియం మొత్తానికి పెద్ద ఆయనే. తర్వాత జరిగినదానికి తెలుగులో ఎప్పుడో సామెత పుట్టి ఉంది: ఏకై వచ్చి మేకై కూర్చుంది. ఆ సామెతను దూదితో పని చేసేవాళ్లెవరో పుట్టించి ఉంటారని దూదమ్మ అనుమానం.

ఆరేళ్లలో చిలక పేరు మ్యూజియం గేటు దాటి చాలా దూరం వెళ్లింది. అందుకు కారణం ఒక్క చిత్రం. మేడ మీద మూడో గదిలో, ఉత్తరం కిటికీకి ఎదురుగా ఉన్న మంచుకొండ. గీసి నూరేళ్లు దాటింది. చూసినదాన్ని చూసినట్టు కాకుండా, మనసులో ఉన్నదాన్ని కొండల రూపంలో, రంగుల రూపంలో గీసే ధోరణి ఒకటి ఆ రోజుల్లో ఉండేది. ఆ ధోరణిలో గీసిన చిత్రం అది. మనుషులు లేరు, చెట్టు లేదు, పిట్ట లేదు. కింద పొగమంచు. దానిపైన నీలం, ఊదా కలిసిన కొండలు ఒకదాని వెనక ఒకటి. అన్నిటికంటే పైన ఒక శిఖరం. దాని ముందు బల్లపరుపు రాయి. రాయి దాకా మంచులో అడుగుజాడలు ఉన్నాయి. తిరిగి వెళ్లిన జాడలు లేవు.

దూదమ్మ ఆ చిత్రాన్ని అంగుళం అంగుళం తుడిచింది. ఎక్కడ రంగు పలచనో, ఎక్కడ చిత్రకారుడు మనసు మార్చుకున్నాడో చీకట్లో వేలు పెట్టి చూపించగలదు. దాని అర్థమేమిటని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. చిలకను కూడా ఎవరూ అడగలేదు. అడక్కుండానే చెప్పింది.

చిలక చెప్పే పద్ధతి ఇది. జనాన్ని ముందు మాట్లాడకుండా నిలబెడుతుంది. తర్వాత నెమ్మదిగా, కింద ఉన్న మంచు మన కోరికలు అంటుంది. వెనక్కి రాని అడుగులు మళ్లీ పుట్టనక్కరలేని నడక అంటుంది. తొలినాళ్లలో బుద్ధుణ్ణి మనిషిగా చెక్కేవాళ్లు కాదు, ఖాళీ ఆసనం చెక్కి ఆయన ఉన్నాడనేవాళ్లు, ఈ రాయి ఆ ఆసనమే అంటుంది. ఇప్పుడు పైకి చూడండి, అది శిఖరం కాదు, కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి, అవి భుజాలు, అది నుదురు అంటుంది. చూస్తే నిజంగానే అలా కనిపిస్తుంది. అక్కడ ఆగి, గొంతు తగ్గించి, అసలు సంగతి చెబుతుంది.

"చిత్రం మొత్తం చల్లటి రంగులే. ఒక్కచోట, సరిగ్గా కనుబొమల మధ్య, బియ్యపు గింజంత పసుపు ఉంది. కనిపించిందా? బుద్ధుడి నుదుట ఉండే ఊర్ణ అది. లోపల దీపం వెలిగితే బయటికి తెలిసే గుర్తు. ఇంత మంచుకొండా ఆ గింజ కోసమే గీశాడు."

జనం ఊపిరి బిగబట్టి వెతుకుతారు. కనిపించినవాళ్లు కనిపించనివాళ్లకు చూపిస్తారు. ఒక ముసలాయన ప్రతి గురువారం వచ్చి, ఆ గింజ ముందు అరగంట నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. పేపరువాళ్లు చిలక ఫోటో వేశారు. దూదమ్మ మొగుడు దాన్ని కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. పెరుగు గిన్నె తీసినప్పుడల్లా దూదమ్మకు ఆడపడుచు నవ్వు ఎదురొచ్చేది. ఒకరోజు ఫ్రిజ్ తుడిచే వంకతో ఆ కాగితం తడిపేసింది. మొగుడు ఇంకో ప్రతి తెచ్చి అంటించాడు.

ఆమెది మామూలు కడుపుమంట అయితే ఎప్పుడో చల్లారేది. దానికి కింద ఇంకో సెగ ఉంది. ఆ పసుపు గింజ చిత్రకారుడు పెట్టింది కాదు. పన్నెండేళ్ల కిందట దూదమ్మ పెట్టింది.

అప్పట్లో ఆ శిఖరం మీద రంగు పెచ్చు ఒకటి ఊడింది. గుంట పూడ్చి, చుట్టూ ఉన్న నీలానికి సరిపోయే రంగు అద్దమని పని నేర్పిన పెద్దాయన ఆమెకు అప్పగించాడు. ఆ పనికి పగటి వెలుగు కావాలి. ఆ వారం కిటికీలకు మరమ్మతు జరుగుతోందని పలకలు కొట్టి మూసేశారు. ఆమె ఆగలేదు. పసుపు బల్బు కింద రంగు కలిపింది. బల్బు కింద అది అచ్చు గుద్దినట్టు నీలంలో కలిసిపోయింది. పెద్దాయన కూడా ఆ బల్బు కిందే చూసి సంతకం చేశాడు. చిత్రం మేడ మీదికి వెళ్లి ఉత్తరం వెలుగులో నిలబడ్డాక, నీలం మధ్య ఆ అతుకు వెచ్చగా, పసుప్పచ్చగా బయటపడింది. చెబితే పెద్దాయన సంతకం విలువ పోతుంది, తన ఉద్యోగం పోతుంది. ఎవరికీ కనబడదులే అనుకుంది. ఆరేళ్లు ఎవరికీ కనబడలేదు కూడా. ఆ తర్వాత చిలక వచ్చి లోకానికంతా చూపించింది.

మింగలేని, కక్కలేని బతుకు అయింది ఆమెది. నిజం చెబితే చిలక నోరు మూతపడుతుంది. కానీ ఆ నోరు మూయించే బట్ట తన పరువే.

అలా ఉండగా వేరే దేశపు మ్యూజియం ఆ మంచుకొండను మూడు నెలలకు అరువు అడిగింది. చిత్రం ప్రయాణం చేస్తే వెంట ఒక మనిషి వెళ్లాలని నియమం. పెట్టెకు మేకులు కొట్టినప్పటి నుంచి అక్కడ మూత తీసేదాకా దాన్ని కంట కనిపెట్టుకుని ఉండాలి. ఇక్కడ రాసిన కండిషన్ రిపోర్టు చేత పట్టుకుని, ఉన్న గీత ఉన్నట్టే ఉందా, కొత్త మచ్చ వచ్చిందా అని అక్కడివాళ్లతో కలిసి సరిచూడాలి. ఎప్పుడైనా దానికి వెళ్లేది తుడిచే చేతులవాళ్లే. ఇరవై ఏళ్లలో ఆమె వంతు రాలేదు. ఈసారి వచ్చిందనుకుంది. వీధి చివర కొట్లో చక్రాల పెట్టె బేరం కూడా చేసి వచ్చింది.

పెద్దసారు పిలిచి, వాళ్లు చిలకను అడిగారని చెప్పాడు. ప్రారంభం రోజున ఊర్ణ గురించి ఆమే మాట్లాడాలట. చోటు ఒక్కరికే ఉందట. ఆ తర్వాత మాట తేలిగ్గా అన్నాడు. "రిపోర్టు ఎలా చదవాలో మీ మరదలికి మీరే నేర్పెయ్యండి. మీకంటే బాగా నేర్పేవాళ్లెవరున్నారు?"

ఆమె తలూపింది. ఆ సాయంత్రం ఇంట్లో మొగుడు చెల్లెలి ప్రయాణం గురించి మురిసిపోతూ, తమ వంశంలో విమానం లోపల కూర్చునేది ఇదే మొదటిదని అన్నాడు. "మీ వంశంలో నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు కూడా ఇంకా పుట్టలేదు" అంది దూదమ్మ. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

చిత్రాన్ని కింద పనిగదిలోకి దించారు. రిపోర్టు రాయడానికి ముందు ఊదారంగు దీపం వేసి చూడాలి. దాని కింద పాత రంగు ఒకలా, తర్వాత అద్దిన రంగు నల్లగా కనిపిస్తుంది. శిఖరం నుదుట నల్లటి గింజ కనిపించింది. అక్కడివాళ్లకూ ఇలాంటి దీపం ఉంటుంది. రాయక తప్పదు. 'పాత అతుకు' అని రాసి వదిలేస్తే చాలు, ఆ రెండు మాటలకే చిలక కథ కూలుతుంది. ఆమె అక్కడితో ఆగలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి కిటికీలు బార్లా తెరిచింది. తర్వాతి తరం చెయ్యి తుడిస్తే పోయేలాంటి రంగుతోనే అతుకు వెయ్యాలన్నది ఆ వృత్తి ధర్మం. అందుకే ఒక్క దూదిపుల్ల, రెండు చుక్కల మందు సరిపోయాయి. గింజ దూదిలోకి వచ్చేసింది. ఆ పుల్ల డబ్బాలో పడేసి, పగటి వెలుగులో, ఈసారి తొందరపడకుండా, సరైన నీలం అద్దింది. అతుకు ఎక్కడుందో ఆమెకే తెలియలేదు. పన్నెండేళ్ల తర్వాత పని కుదిరింది. కడుపులో మంట కూడా హాయిగా ఉంది.

పదకొండింటికి చిలక నోట్‌బుక్కుతో వచ్చింది. దారిలో వదినకు ఏం తేవాలో రాసుకోవడానికి చివరి పేజీ వదిలిపెట్టుకుని వచ్చింది. దూదమ్మ భూతద్దం ఇచ్చి, ఎడమ మూల నుంచి మొదలుపెట్టమంది. చిలక రెండు గీతలు సరిచూసి, ఆపుకోలేక అద్దాన్ని శిఖరం మీదికి జరిపింది. అటూ ఇటూ వెతికింది. అద్దం తుడిచి మళ్లీ వెతికింది.

"వదినా, ఊర్ణ ఏదీ?"

"తీసేశాను."

"తీసెయ్యడమేంటి?"

"అది అతుకమ్మా. చిత్రకారుడిది కాదు. రంగు తప్పు కలిపారు. సరిచేశాను. నాలుగో పేజీలో రాశాను, చూడు."

చిలక నాలుగో పేజీ చదివింది. ఎవరు వేసిన అతుకో కూడా అక్కడ ఉంది. దూదమ్మ అబద్ధం రాయలేదు. చిలక స్టూలు మీద కూర్చుండిపోయింది. ఏడుస్తుందని దూదమ్మ ఎదురుచూసింది. అందుకు ఒక మంచినీళ్ల గ్లాసు కూడా దగ్గర పెట్టుకుంది.

"అయితే ఆరేళ్లుగా నేను నీ గింజనే చూపించానా?" అంది చిలక. "వాళ్లందరూ నిలబడి చూసింది నువ్వు పెట్టినదాన్నేనా? ఆ గురువారం ముసలాయన?"

దూదమ్మ ఎన్నోసార్లు తలుపు వెనక నుంచి ఆ ముసలాయన్ని చూసింది. ఆయన చూపు చిలక సొత్తని కుళ్లుకుంది. ఆ చూపు ఆరేళ్లూ తన చేతిపని మీదే నిలబడి ఉందన్న సంగతి, అన్నీ తెలిసి కూడా, ఆమెకు ఒక్కసారీ తట్టలేదు. తప్పును దాచుకోవడంలో పడి మెప్పును చూసుకోలేదు.

"మళ్లీ పెట్టెయ్యి వదినా. ఎవరికి తెలుస్తుంది?"

దూదమ్మ చెయ్యి నిజంగానే రంగుల పెట్టె దాకా వెళ్లింది. చిలక అడిగినదానికంటే ఎక్కువగా ఆమెకే కావాలనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. "తెలియక పెట్టాను కాబట్టి అది తప్పు. తెలిసి పెడితే మోసం. అయినా ఆ రంగు ఎలా కలిపానో నాకిప్పుడు తెలియదే" అంది.

చిలక వెళ్లాక రేకుడబ్బా మూత తీసింది. పొద్దుటి పుల్లతో కలిపి ఇరవై ఉన్నాయి, అన్నీ ఒకే మురికి రంగు. ఏది ఆ పుల్లో పోల్చుకోలేకపోయింది.

నాలుగో పేజీ పెద్దసారూ చదివాడు. పెద్దాయన ఎప్పుడో రిటైరయ్యాడు, చిత్రానికి నష్టం లేదు, కాబట్టి మందలింపు కాగితంతో సరిపెట్టాడు. వెళ్లే మనిషిని మాత్రం మార్చలేదు. అక్కడ కార్డులు అచ్చయిపోయాయి. పెట్టె మూత బిగించింది దూదమ్మ, వెంట వెళ్లింది చిలక.

చిలక ఏం మాట్లాడుతుందోనని దూదమ్మ వారం రోజులు మనసులో పండగ చేసుకుంది. వీడియో వచ్చింది. మొగుడు ఫోను మధ్యలో పెట్టి ఇద్దరూ చూశారు. చిలక ఎప్పటిలాగే జనాన్ని నిశ్శబ్దంగా నిలబెట్టింది. మంచు, అడుగులు, ఖాళీ రాయి చెప్పింది. తర్వాత నుదుటి వైపు చెయ్యి చూపి, ఇక్కడ ఒక వెలుగు చుక్క ఉండేది, మా వదిన పెట్టింది, మా వదినే తుడిచేసింది, అంది. కింద ఆసనం ఖాళీ అయినప్పుడు నుదురు మాత్రం ఎందుకు నిండుగా ఉండాలి, ఏమీ లేని ఆ చోటునే ఒక నిమిషం చూడండి, అంది. హాలు హాలంతా ఏమీ లేని చోటును చూస్తూ నిలబడింది. గింజ ఉన్నప్పటికంటే ఎక్కువసేపు.

"చూశావా, నీ గురించి ఎంత బాగా చెప్పిందో!" అన్నాడు మొగుడు.

అదే ఆమె బాధ. చివరికి తన తప్పును కూడా తనకంటే ఆడపడుచే బాగా చెప్పింది.

మూడు నెలలకు మంచుకొండ తిరిగి వచ్చింది. కొత్త మచ్చ లేదు, కొత్త గీత లేదు. చిలక రిపోర్టు దూదమ్మ కూడా ఒప్పుకోక తప్పనంత శుభ్రంగా రాసింది. చిత్రం గోడకెక్కిన మొదటి గురువారం దూదమ్మ మేకులు సరిచూసే వంకతో మూడో గదిలోనే ఉంది. ముసలాయన వచ్చాడు. ఎప్పటి చోటే నిలబడ్డాడు. ముందుకు వంగాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ వంగాడు. గదిలో ఇంకెవరూ లేకపోవడంతో ఆమె వైపు తిరిగాడు.

"ఇక్కడ ఒక చుక్క ఉండాలి కదమ్మా?"

"ఉండేదండి. నేనే పెట్టాను. రంగు తప్పు కలిపి పెట్టాను. అందుకే తీసేశాను."

ఆయన ఆమెను ఒకసారి, కొండను ఒకసారి చూశాడు. ఇంకేదో అడుగుతాడనుకుంది. రంగు ఎలా కుదిరిందని అడిగితే పసుపు బల్బు సంగతి మొదటి నుంచీ చెప్పడానికి సిద్ధపడింది.

"బాగుండేదమ్మా" అని ఆయన నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ ఒక్క మాటను ఆమె కాసేపు ఎవరికీ ఇవ్వకుండా దగ్గర పెట్టుకుంది. ఇంతలో కింది నుంచి చిలక గొంతు, వెనకాల ముప్పై జతల చెప్పుల చప్పుడు మెట్లెక్కి వస్తున్నాయి. దూదమ్మ సుత్తి తీసుకుని తలుపు వెనక్కి వెళ్లి, ఈ రోజు ఆ చుక్క గురించి ఇదేం చెబుతుందో విందామని, ఊపిరి బిగబట్టి నిలబడింది.