ఎర్రదారం కట్టిన సీసా

అందరూ ఎలా ఉన్నారు? మోకాళ్లు పట్టేసిన అక్కలు నాలుగడుగులు వేస్తున్నారా? ఆయాసం ఉన్న అన్నలకు నిద్ర పడుతోందా? పిల్లల జ్వరాలు తగ్గాయా? ఏ ఇంట్లో దగ్గు వినిపించినా నాకు దడే, అందుకే అడుగుతాను. ఒక్కరిని మాత్రం ఇక అడగలేను. నాంపల్లిలో మా పక్కింటి వదినె మొన్న మంగళవారం పోయింది.

చుట్టరికం లేదు, పిలుపే. గోడకు అటు ఆమె, ఇటు నేను. మా గల్లీ ముసలివాళ్లందరి మందు సీసాలు సంచిలో వేసుకుని దవాఖానకు పోయేది. అక్కడ ఎర్రమందు కావాలంటే సీసా మనమే తీసుకుపోవాలి. మందులిచ్చే కిటికీ తెరవకముందే జనం సీసాలను నేలమీద వరుసగా పెట్టి, గోడనీడన కూలబడతారు. మనిషికి బదులు సీసా నిలబడుతుంది. మాకు చదువు రాదు కదా, ఒక్కో సీసా మెడకు ఒక్కో రంగు దారం కట్టేది. నాది పచ్చ. తనది ఎరుపు, ఎప్పుడూ అందరి వెనక.

కాంపౌండరు విసుక్కునేవాడు. "ఏంది ముసలమ్మా, మొహల్లా మొత్తం మోసుకొచ్చినవా?"

"ఔ బిడ్డా. నువ్వు గూడ ముసలోనివైతవు గద, గప్పుడు నీ సీసా గూడ తెస్త."

అతనూ నవ్వేవాడు. కానీ ఎన్నోసార్లు ఎర్రదారం దాకా రాకముందే మందు అయిపోయేది, కిటికీ మూతపడేది.

"నీది ముందు పెట్టుకోరాదు?" అని నేను కసిరేదాన్ని.

"నా పానం జర ఆగుతది, నువ్వైతే ఫికరుతోనే సస్తవు" అనేది.

నాకు కోపం ఎవరి మీదో చెప్పలేను. మా అత్తల కాలంలో తల నెరిసేదాకా బతికినవాళ్లు ఇంటికొకరు ఉంటే గొప్ప. ఇప్పుడు సూదులు, మాత్రలు వచ్చి మమ్మల్ని నిలబెట్టాయి. ఇంటికి ఇద్దరు ముగ్గురం ఉన్నాం. ఒకరికి షుగరు, ఒకరికి కీళ్లు, ఒకరికి గుండె. మేం పెరిగాం, మందుల ధరలు పెరిగాయి, కిటికీ మాత్రం అదొక్కటే. బతికించడం సరే, బతికినవాళ్లకు మందేదీ?

చలికాలంలో వదినెకు ఛాతీలో నొప్పి మొదలైంది. ఎక్స్‌రే ఫొటో తీయాలని దవాఖానలో చాలా దూరపు తారీఖు ఇచ్చారు. నేను ఊరుకోక ఆబిడ్స్‌లో ఒక డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఫీజు వినగానే ఆమె చెప్పులు తొడుక్కుంది.

"నాడి సూడకముందే ఫీజు చెప్పిండు. గది విన్నంక నాడి గూడ ఆగింది, పా!"

దారంతా నవ్వుతూనే వచ్చింది, మధ్యమధ్య ఛాతీ పట్టుకుని. తారీఖు వచ్చేదాకా ఛాతీ ఆగలేదు.

మూడోనాడు ఆమె కోడలు ఆ సంచి తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. "అత్తమ్మా, గివన్ని ఎవలికియ్యాలె?" అంది. రోడ్డు దాటాలంటేనే వణికే నన్ను అడిగింది!

గల్లీలో కర్ర పట్టుకుని నడవగలిగినవాళ్లందరినీ పిలిచాను. దవాఖాన పెద్ద డాక్టరును కలిసి, ముసలివాళ్లకు ఇంకో కిటికీ తెరవమని అడుగుతాం. తెరుస్తారో లేదో, అదీ ఫికరే. సీసాలు కడిగి అరుగు మీద బోర్లించాను. ఎర్రదారం ఇంకా తడిగానే ఉంది. ఈసారి వరుసలో మొదట నిలబడేది అదే. వదినెకు ఫొటో తీస్తామన్న రోజునే పోతున్నాం: పన్నెండో తారీఖు, సోమవారం పొద్దున.