పైన ఆగే చక్రం

మా మేనత్తను పార్కులో అందరూ కాటా అంటారు. అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా వెంటనే పలకదు. మనిషిని ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూసి ఎంత బరువో చెప్పేస్తుంది. కిలో అటూ ఇటూ అయితే అది వాళ్ల చెప్పుల బరువంటుంది. ఆడవాళ్ల బరువు మాత్రం పైకి అనదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని నాకు పాఠం చెప్పింది. నాతో తప్ప లోకంలో అందరితోనూ ఆమె నోరు మంచిదే.

ఆమె పని జెయింట్ వీల్ నడపడం. ముప్పై ఒక్క ఏళ్లుగా లివరు ఆమె చేతిలోనే ఉంది. నేను ఆమె తమ్ముడి కూతురిని. గేటు దగ్గర టిక్కెట్లు చింపుతాను.

ఇలాంటి చక్రాలు చాలా దేశాల్లో వందల ఏళ్ల నుంచీ ఉన్నాయి. మోటార్లు లేని రోజుల్లో మనుషులే చేతులతో తిప్పేవారు. మా తాత మొదలుపెట్టినప్పుడూ అంతే. కొయ్య చక్రం, మనుషులు కూర్చునే నాలుగు పెట్టెలు, తిప్పడానికి ఇద్దరు కండలవీరులు. తర్వాత ఇనుప చక్రం, ఆయిల్ ఇంజను వచ్చాయి. అత్త చేతికి వచ్చేసరికి కరెంటు మోటారు, పన్నెండు పెట్టెలు అయ్యాయి. తాత నేర్పిన ఒక్క సంగతి మాత్రం మారలేదు. బరువంతా ఒక పక్కే పడితే చక్రం మాట వినదు. అందుకని ఒకటో పెట్టె నింపగానే చక్రాన్ని సగం తిప్పి ఏడోది నింపాలి. ఆ తర్వాత నాలుగు, దానికి ఎదురుగా పది. కొత్త జంట కాస్త బొద్దుగా ఉంటే అత్త మొహమాటపడేది కాదు, ఒకరిని మూడులో, ఒకరిని తొమ్మిదిలో కూర్చోబెట్టేది. పాపం, వాళ్లు చక్రానికి అటు చివరా ఇటు చివరా ఉండి చేతులూపుకునేవారు.

ఇదంతా అయ్యేదాకా ముందెక్కినవాళ్లు పైన వేలాడాల్సిందే. అత్త తలెత్తి అరిచేది: "కాస్త ఓర్చుకోండి తల్లీ, అయిపోవచ్చింది!" ప్రతి విడతకూ ఆ బతిమాలుకోవడం తప్పేది కాదు. తన పనిలో ఉన్న లోపం ఆ ఆలస్యం ఒక్కటేనని ఆమె నమ్మకం.

పోయిన ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. మర్యాదస్తుడే. మా పక్కనే మనుషుల్ని పైకంటా తీసుకెళ్లి ధడేలున కిందికి వదిలే కొత్త ఆట పెట్టించాడు. జనం అటు మళ్లారు.

"అమ్మా, పన్నెండు నిమిషాల్లో మీ చక్రం తిరిగేది నాలుగే. మిగతా ఎనిమిదీ ఆగే ఉంటోంది" అన్నాడు ఒకరోజు.

"తూకం చూసుకోవాలి కదా బాబూ."

"కొత్త మోటారు, కొత్త బ్రేకు వేయిస్తున్నా. ఎవరెక్కడ కూర్చున్నా లాగేస్తుంది. ఆపకుండా మెల్లగా తిప్పుతూ వరసగా ఎక్కించండి, అలాగే దించండి. రెండు నెలల్లో జనం పెరగకపోతే మాత్రం నేనేమీ చేయలేను. చక్రం విప్పేసి పాత ఇనుముకు వేసేయమని పార్కు యజమానులు అన్నారు."

అత్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొమ్మనలేక పొగబెడుతున్నాడే. చూస్తూ ఉండు, ఆ మోటారు మొదటి రోజే మూలుగుతుంది" అంది.

మోటారు మూలగలేదు. గేట్లు తెరవకముందే అత్త ఇసుక బస్తాలన్నీ ఒకే పక్క పెట్టెల్లో వేయించి తిప్పి చూసింది. చక్రం హాయిగా తిరిగింది. ఆ మధ్యాహ్నం ఆమె తన భోజనం డబ్బా మూత కూడా తీయలేదు.

జనం పెరగలేదు సరికదా, ఇంకా తగ్గారు. ఐదో వారంలో ఒక దర్జీ ఆవిడ మా గేటు దాటి వెళ్లిపోతూ కనిపించింది. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం వచ్చి చక్రం ఎక్కే మనిషి. అత్త పరుగున వెళ్లి పట్టుకుంది.

"ఏమ్మా, మమ్మల్ని మర్చిపోయావా? ఇప్పుడు ఆలస్యమే లేదు. ఇలా ఎక్కి అలా దిగొచ్చు."

"అందుకే రావట్లేదక్కా" అందావిడ. "వారమంతా తల దించుకుని కుడతాను. ఇంట్లో రెండు గదులు, ఆరుగురం. పైన ఆపినప్పుడు నన్ను పిలిచేవాళ్లుండరు. మా వీధి, మేడ మీద నేను ఆరేసిన బట్టలు చూస్తూ ఊరికే కూర్చునేదాన్ని. ఇప్పుడు అటు తల తిప్పేలోపే కిందికొచ్చేస్తున్నా. నువ్వేమో ఓర్చుకోండి, ఓర్చుకోండి అని అరిచేదానివి. ఇంకాసేపు ఉంచితే బాగుండునని నేను అనుకునేదాన్ని."

అత్త వెనక్కి వచ్చి లివరు పక్కనున్న బల్ల మీద కూర్చుంది. "ముప్పై ఒక్క ఏళ్లు తూకం చూసి పొంగిపోయానే. వాళ్లు దేనికోసం వచ్చారో దానికేమో ఓర్చుకోమని బతిమాలాను" అంది. కానీ ఆమె ఎక్కువసేపు బాధపడే రకం కాదు. మర్నాడు పొద్దున్నే మేనేజరు గది తలుపు తట్టింది.

"నీ మోటారు మంచిదే బాబూ. తూకం దానికే వదిలేశాను. కానీ ప్రతి పెట్టె పైన ఆగాలి. ఎంతసేపన్నది నాకు వదిలేయి."

"మళ్లీ ఆలస్యమే కదమ్మా!"

"జనం వచ్చేది దానికోసమే. నాకే నిన్నటిదాకా తెలియదు."

మేనేజరు గోడ మీది క్యాలెండరు చూశాడు. "మిగిలింది మూడు వారాలు. మీ ఇష్టం" అన్నాడు.

గేటుకు నేనే బోర్డు రాసి కట్టాను: 'ఇచ్చట పైన ఆపబడును.' మొదటి ఆదివారం దర్జీ ఆవిడ పక్కింటివాళ్లను వెంటబెట్టుకొచ్చింది. మూడో ఆదివారం మా వరస మంచినీళ్ల కుళాయి దాటింది. మేనేజరు ఆ వరస పక్కనే చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాడు. ఇనుము మాట ఎత్తలేదు. "ఈ రద్దీకి మీరొక్కరే చాలరమ్మా, ఇంకొకరికి లివరు నేర్పండి" అన్నాడు.

అత్త నన్ను పిలిచింది. నేను తూకాలు రాసుకుందామని నోటుపుస్తకం పట్టుకెళ్తే దాన్ని లాగి బల్ల మీద పడేసింది. నా చెయ్యి లివరు మీద పెట్టి, పైనున్న పెట్టెను చూపించింది.

"పైకెళ్లగానే కేకలేస్తారు. అప్పుడు ఆపు. తర్వాత ఫోటోలు తీసుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. కదపకు. ఇంకాసేపటికి పైనుంచి మాటే వినపడదు."

"అప్పుడు కదపాలా?"

"వాళ్లు నిజంగా పైకి చేరేదే అప్పుడే. అప్పుడు కదిపావంటే చెయ్యి విరగ్గొడతా."