టంకశాలలో పులి

ఆ రోజుల్లో ప్యాంటు వేసుకున్నవాడు సగం ఆఫీసరైపోయినట్టేనని నా నమ్మకం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం వైపు నుంచి బరంపురం వచ్చిపడ్డ నాకు, ఊరి శివారు హల్దియాపదర్‌లో ఒక చిన్న కార్ఖానాలో సూపర్‌వైజరు పని దొరికింది. మిల్లు క్యాంటీన్లకీ, స్టేషను కూలీలకీ ఇత్తడి బిళ్లలు అచ్చుకొట్టే చోటది. ఊళ్లోవాళ్లు వెటకారంగా టంకశాల అనేవారు. (ఇంటికి రాసే ఉత్తరాల్లో నేనూ టంకశాల అనే రాసేవాణ్ణి, వెటకారం తీసేసి.) పొద్దున తూచి ఇచ్చిన ఇత్తడి సాయంత్రానికి బిళ్లలూ, కత్తిరింపు ముక్కలూ కలిపి అంతే తూగాలి. తగ్గితే గేటు తెరవకూడదు, అందర్నీ తడిమి చూడాలి. అప్పటికీ దొరక్కపోతే సూపర్‌వైజరు మర్నాటి నుంచి రానక్కర్లేదు. నా ముందున్నాయన అలాగే వెళ్లాడని షావుకారుగారు నేను చేరిన రోజే నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు అన్నం సహించేది కాదు.

బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజులవి. మా ప్రెస్సు మేస్త్రీ మొక్కు ఉందని ఒళ్లంతా పసుపు రంగు, నల్లచారలు పూయించుకుని పులివేషంతోనే పనిలోకి వచ్చాడు. తోకని నడుముకి చుట్టుకుని రోజంతా బిళ్లలు కొట్టాడు. సాయంత్రం కాటా ఒక్క బిళ్ల బరువు తక్కువ చూపించింది. మళ్లీ తూచాం, అంతే. అందర్నీ తడిమాక పులి దగ్గరికి వెళ్లాను.

"నన్ను ముట్టుకోకండి బాబూ! యేసం కట్టినాక నాను అమ్మోరి మనిసిని."

"మరి బిళ్ల ఏమైనట్టు?"

"ఒంటి మీద రంగు తప్ప నాకాడ ఏటుందండీ, ఎక్కడ దాసీది?"

(తోక వైపు చూశాను. చాలా లావుగా ఉంది.) ముట్టుకుంటే అమ్మవారికి కోపం, వదిలేస్తే షావుకారుకి. నాకు ఏడుపొక్కటే తక్కువ. యాత్రకి పొద్దుపోతోందని విసుక్కుంటున్న, బిళ్లలు ఏరే పెద్దమ్మ అంది: "బయట డప్పులోళ్లున్నారు, లోపలికి పిలు బాబూ. అందరం ఆడితే, ఉన్నోడి కాడ్నించి అదే రాల్తాది."

డప్పులు వచ్చాయి. అందరూ ఆడారు. పులి ఆడిన ఆటకి తోక ఊడిపడింది, లోపల గడ్డి తప్ప ఏమీ లేదు. ఇక అందరూ నా వైపే చూశారు.

"సూపరవైజరు ఆడకూడదని రూలేటైనా ఉందేటండి?" అంది పులి.

లేదు. అప్పుడే గేటు బయట షావుకారుగారి రిక్షా గంట మోగింది. ఆ భయానికి కాళ్లు వాటంతటవే ఎగిరాయి. మరో గంతుకి నా ప్యాంటు కింది మడతలోంచి ఠంగుమని బిళ్ల రాలి, దొర్లుకుంటూ వెళ్లి పులి పాదం దగ్గర ఆగింది. అక్కడ మడతల ప్యాంటు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

షావుకారుగారు గేటు చువ్వల్లోంచి తొంగిచూసి "కొణొ హెలా?" అన్నారు, ఏమైందని. పులి బిళ్లని కాలితో మెల్లగా తొక్కిపెట్టి, "మా బాబుకీ మొక్కుందండి, తీర్సుకుంటన్నారు," అంది. ఆయన భక్తిగా చేతులు జోడించారు.

ఆ మొక్కు అబద్ధమని ఇక చెప్పేదెలా? ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, యాత్ర వచ్చినప్పుడల్లా షావుకారుగారి ఎదుట ఆడుతూనే వచ్చాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించవు. డప్పు వినపడితే మాత్రం వంగి ప్యాంటు అంచు తడుముకుంటాను. మడత కుట్టించడం ఎప్పుడో మానేశాను. అయినా ఆనాటి బిక్కచచ్చిన కుర్రాడు అక్కడే దొరుకుతాడు, ఇంకా గంతులేస్తూ.