నీడన పెట్టిన తాబేలు

ఈ రోజు తాబేలును సంచిలో వేసుకొని హనుమకొండ పశువుల దవాఖానకు పోయాను. పోయిన ఏడాది చనిపోయిన నా భార్య పెంచిన తాబేలు అది. నిగనిగలాడే నల్లటి చిప్ప పాలిపోయింది, నొక్కితే మెత్తగా ఉంది.

"ఏం పెడ్తున్నవ్ తాతా?" అన్నాడు డాక్టరు.

"అన్నం మెతుకులు."

"ఎండల ఇడుస్తున్నవా?"

"ఎండల రంగు పోదా? నలభై ఏండ్ల సంది నూలుకు రంగులేస్తున్న. నీడకే ఆరబెడ్తం. నాకే చెప్తవా?"

"ఇది నూలు కాదే తాతా! దీనికి ఎండ గావాలె, చేపలు, ఆకుకూర గావాలె. శాన లేటు చేసినవ్."

ఆమె రోజూ వాకిట్లో ఎండకు వదిలేది. తెలివిగలవాణ్ణని నేనే లోపల పెట్టాను. ఇప్పుడు వాకిట్లో వదిలితే తల బయటికి తీయడం లేదు.

ఇంత పాడైన తాబేలు కోలుకోవడం మీలో ఎవరైనా చూశారా? చూస్తే చెప్పండి. చూడకపోతే ఊరుకోండి.